ష్రూడ్, కన్నింగ్, ఇంజీనియస్... అన్నిటికీ "తెలివైన" అని రాసుకుంటే ఎలా?

ద్వారకానగర్_అభ్యర్థి

అందరికీ నమస్కారం. ఎస్సెస్సీ సీజీఎల్ (డిగ్రీ అర్హతతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే పరీక్ష) మోడల్ పేపర్లో ఒక ఖాళీ దగ్గర ఆగిపోయాను. వాక్యం తెలుగులో చెప్తాను: "హార్బర్లో చేపల వేలం మొదలైనా ఆ ______ వ్యాపారి నోరు విప్పలేదు. చివరి బోటు కూడా వచ్చి, సరుకు పేరుకుపోయి, రేటు దిగాక ఒక్కసారే కొనేశాడు." ఆప్షన్లు ష్రూడ్, కన్నింగ్, ఇంటెలిజెంట్, ఇంజీనియస్. కీలో ష్రూడ్ అని ఉంది. నా వర్డ్ లిస్టులో నాలుగింటికీ ఎదురుగా "తెలివైన" అనే ఉంది, కన్నింగ్‌కి మాత్రం "మోసపు" అని అదనంగా రాశారు.

టియర్ వన్‌లో, అంటే మొదటి దశలో, ఇంగ్లీషు 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. ఊహించి పెట్టే వీల్లేదు. మిగతా మూడిటినీ ఏ ఆధారంతో కొట్టేయాలి? అస్ట్యూట్, క్లెవర్, స్మార్ట్, వైలీ, స్లై కూడా ఇదే గంపలో కలిసిపోతున్నాయి.

భీమిలి_మాస్టారు

బాబూ, ముందు ఆ వర్డ్ లిస్టు పక్కన పెట్టండి. "తెలివైన" అన్న అర్థం తప్పు కాదు. కానీ బెండకాయకీ వంకాయకీ ఎదురుగా "కూరగాయ" అని రాసుకున్నట్టుంది. ఆ మనిషికి తెలివి ఎంత ఉంది అని అడిగితే ఈ మాటలు విడిపోవు. ఆ తెలివి ఏ పని చేసింది, అందులో ఎవరికి నష్టం అని అడగండి.

మీ వ్యాపారినే తీసుకుందాం. ఏం చేశాడు? ఆగాడు. బోట్లు వరసగా వస్తే సరుకు పెరుగుతుందనీ, ఐసు కరిగేలోపు అమ్ముకోవాలన్న తొందర ఎదుటివాళ్లదనీ లెక్క వేసుకున్నాడు. ఎవరికీ అబద్ధం చెప్పలేదు. డబ్బు, బేరం, మనుషుల తీరు తెలిసి, తాను మోసపోకుండా లాభం చూసుకునే తెలివి ష్రూడ్. అందుకే ఆ మాట పక్కన బిజినెస్‌మన్, ఇన్వెస్ట్‌మెంట్, జడ్జ్ ఆఫ్ క్యారెక్టర్ లాంటివి వస్తాయి. తెలుగులో గడుసు అనుకోండి.

ఇప్పుడు కథలో ఒక్క ముక్క మార్చుదాం. "ఇవాళ ఎగుమతి కంపెనీల లారీలు రావట" అని అతనే పుకారు పుట్టించి, అది నమ్మి మిగతావాళ్లు వెళ్లిపోయాక కొన్నాడు. అప్పుడు కన్నింగ్. ఎదుటివాడి కళ్లు కప్పడం అందులో తప్పనిసరి భాగం. మీ వాక్యంలో ఆ కళ్లు కప్పడం ఎక్కడా లేదు కాబట్టి కన్నింగ్ పోతుంది.

ఇంకో మార్పు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఐసు ఫ్యాక్టరీకి గిరాకీ పడిపోతుందని గమనించి, ఏడాది మొత్తానికి సరిపడా ఒప్పందం అప్పుడే చవగ్గా కుదుర్చుకున్నవాడు అస్ట్యూట్. అందరి ఎదుటా ఉన్నదాంట్లోనే ఇంకొకరు చూడనిది చూశాడు. ష్రూడ్‌కీ అస్ట్యూట్‌కీ మధ్య గోడ పల్చనిదే. చాలా వాక్యాల్లో రెండూ నడుస్తాయి, అందుకే పేపరు పెట్టేవాళ్లు సాధారణంగా రెండిటినీ ఒకే ప్రశ్నలో పెట్టరు. చూపు మీద బరువు ఉంటే అస్ట్యూట్, బేరం మీద ఉంటే ష్రూడ్. అబ్జర్వర్ ముందు అస్ట్యూట్, గెస్ ముందు ష్రూడ్ దాదాపు స్థిరపడిపోయాయి.

పాడైన ఫ్రిజ్ డొక్కుని చేపల పెట్టెగా మార్చి, కరిగిన నీళ్లలో సరుకు నానకుండా అడుగున కన్నం పెట్టి గొట్టం బిగించాడనుకోండి. అది ఇంజీనియస్. కొత్త ఉపాయం, కొత్త అమరిక ఉండాలి. ఆగి కొనడంలో కొత్త ఉపాయం లేదు.

ఇంటెలిజెంట్ దగ్గరే ఎక్కువమంది జారతారు, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం అదీ కూర్చుంటుంది. కానీ అది మెదడు శక్తిని చెప్తుంది గానీ బేరం సంగతి చెప్పదు. వాక్యంలో ఉన్న వేలం, రేటు, ఓపిక అన్నీ వృథా అయిపోతాయి. వాక్యం ఇచ్చిన ఆధారాన్ని పూర్తిగా వాడుకున్న మాటే జవాబు.

మధురవాడ_అనువాదకురాలు

మాస్టారూ, మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ ష్రూడ్‌కి గడుసు దగ్గర నాకు అభ్యంతరం ఉంది. "గడుసు పిల్ల" అంటే ఎవరికీ లొంగని, మాటకి మాట అప్పజెప్పే పిల్ల అని కదా అర్థం. ఇంగ్లీషులో ఆ పిల్ల పర్ట్ అవుతుంది, లేదా స్పిరిటెడ్. ష్రూడ్ గర్ల్ అని అనువదిస్తే, ఆ పిల్ల లాభనష్టాలు లెక్కేసుకుంటోందన్న అర్థం వచ్చి పడుతుంది. "గడుసు బేరగాడు" అన్నప్పుడు మాత్రం ష్రూడ్ చక్కగా అతుకుతుంది. అంటే గడుసు అనే మాట పక్కన ఏ నామవాచకం ఉందో చూడకుండా మార్చకూడదు.

లౌక్యం కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. లౌక్యం తెలిసినవాడు అంటే ఎవరితో ఎలా మెలగాలో తెలిసినవాడు, నొప్పించకుండా పని జరుపుకునేవాడు. అక్కడ ష్రూడ్ మోటు. ట్యాక్ట్‌ఫుల్, వరల్డ్లీ వైజ్, సందర్భాన్ని బట్టి డిప్లొమాటిక్.

భీమిలి_మాస్టారు

నిజమేనమ్మా. గడుసుని బేరం, వ్యవహారం వరకే పరిమితం చేసి రాసుకోవాలి. సవరణ తీసుకుంటున్నాను.

పెందుర్తి_పాఠకుడు

మరి క్లెవర్, స్మార్ట్, ఇంటెలిజెంట్, బ్రైట్, బ్రిలియంట్? ఇవి మన ఇళ్లల్లో రోజూ నలిగే మాటలే. అందుకే ఎక్కువ తప్పులు వీటిలోనే అనిపిస్తుంది.

భీమిలి_మాస్టారు

అవును. తెలుగులో కలిసిపోయిన మాట తెలుగులో వచ్చిన అర్థంతోనే ఇంగ్లీషు వాక్యంలోకి తిరిగి వెళ్తుంది, చిక్కంతా అక్కడే.

స్మార్ట్ చూడండి. "పెళ్లికొడుకు స్మార్ట్‌గా ఉన్నాడు" అంటే మనకి అందగాడని. బ్రిటిష్ ఇంగ్లీషులో స్మార్ట్ అంటే నీటుగా, మర్యాదగా దుస్తులు వేసుకున్న అని, ముఖం అందంతో సంబంధం లేదు. అమెరికన్ ఇంగ్లీషులో తెలివైన అనే మొదటి అర్థం. ఫోను, కార్డు, నగరం ముందు వచ్చే స్మార్ట్ వేరు: సమాచారం తీసుకుని దానంతటదే స్పందించే ఏర్పాటు. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖ ఉంది కదా, ఆ స్మార్ట్ ఇదే. స్మార్ట్లీ అనే క్రియావిశేషణం ఎక్కువగా దుస్తుల గురించీ చకచకా కదలడం గురించీ వస్తుంది. "తెలివిగా జవాబిచ్చాడు" అనడానికి క్లెవర్లీ, ఇంటెలిజెంట్లీ వాడండి.

ఆ మాట పుట్టుక గుర్తుంటే అర్థం మర్చిపోరు. పాత ఇంగ్లీషులో స్మార్ట్ అంటే మండటం, చురుక్కుమనడం. ఉల్లిపాయ కోస్తే కళ్లు మండటాన్ని ఇప్పటికీ ఐస్ ఆర్ స్మార్టింగ్ అంటారు. మనకీ చురుక్కుమనడం ఉంది, చురుకైన కుర్రాడూ ఉన్నాడు. రెండు భాషలూ ఒకే దారిన నడిచాయి.

క్లెవర్‌లో చేతి నేర్పు, మాట నేర్పు, ఉపాయం ఉంటాయి. క్లెవర్ విత్ హర్ హ్యాండ్స్, క్లెవర్ ట్రిక్. లోతు ఉందని ఆ మాట హామీ ఇవ్వదు. అందుకే క్లెవర్ ఆర్గ్యుమెంట్ అంటే ఒక్కోసారి పైపైన మెరిసే వాదన అనే నీడ పడుతుంది. టూ క్లెవర్ బై హాఫ్ అంటే అచ్చంగా మన అతితెలివి. ఒక చర్యను మెచ్చుకునేటప్పుడు ఇట్ వజ్ క్లెవర్ ఆఫ్ యూ టు అనే కట్టు బాగా పనికొస్తుంది, అక్కడ ఆఫ్ బదులు ఫర్ పెడితే తప్పు. వైజ్, స్మార్ట్, కన్నింగ్ కూడా ఈ కట్టులో ఒదుగుతాయి.

ఇంటెలిజెంట్ పక్కన ఎట్ పెట్టకండి. "లెక్కల్లో తెలివైనవాడు" అనడానికి ఇంటెలిజెంట్ ఎట్ మ్యాథ్స్ రాదు, గుడ్ ఎట్ మ్యాథ్స్ అనాలి. క్లెవర్ ఎట్ సరే. మన బళ్లలో వినిపించే క్లెవర్ ఇన్, వీక్ ఇన్‌లలో వీక్ ఇన్ నిలబడుతుంది గానీ క్లెవర్ ఇన్ నిలబడదు.

బ్రైట్ ఎక్కువగా పిల్లలకీ విద్యార్థులకీ చెప్పేది. డెబ్భై ఏళ్ల ఆచార్యుణ్ణి బ్రైట్ అంటే చిన్నపిల్లాడి తల నిమిరినట్టుంటుంది. బ్రిలియంట్ ఆఖరి మెట్టు మాట. దాని ముందు వెరీ కంటే అబ్సొల్యూట్లీ సహజం.

ఉక్కునగరం_ఇంజనీరు

ఇంజీనియస్ గురించి ఒక హెచ్చరిక. ఒక్క అక్షరం తేడాతో ఇంకో మాట ఉంది, అర్థం పూర్తిగా వేరు.

ఇన్‌జీనియస్‌లో రెండో ఎన్ తర్వాత ఐ వస్తుంది, జీ మీద ఊనిక. ఉపాయశాలి అని అర్థం. ఇన్‌జెన్యుఅస్‌లో రెండో ఎన్ తర్వాత యు వస్తుంది, జెన్ మీద ఊనిక. కల్లాకపటం తెలియని అని అర్థం. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇంజెన్యుయిటీ అనే నామవాచకం చూడ్డానికి యు ఉన్న మాటకి చెందినట్టు ఉంటుంది గానీ, ఇప్పుడు దాని అర్థం ఐ ఉన్న మాటదే, అంటే ఉపాయ నైపుణ్యం. కల్లాకపటం లేకపోవడానికి ఇన్‌జెన్యుఅస్‌నెస్ అనాలి. డిస్‌ఇన్‌జెన్యుఅస్ అంటే తెలిసీ తెలియనట్టు నటించే, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చెప్పే. సంపాదకీయాల్లో తరచుగా కనిపిస్తుంది.

ఇంజీనియస్ మనుషుల కన్నా వస్తువులకీ పరిష్కారాలకీ బాగా నప్పుతుంది. డివైస్, సొల్యూషన్, మెథడ్. విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. దాని ప్రవేశ మార్గం దగ్గర అలల ఉధృతిని ఆపడానికి రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టకి ఆధారం చేశారు. ఆ పనిని క్లెవర్ అంటే తక్కువవుతుంది, అస్ట్యూట్ అంటే అతకదు, ఇంజీనియస్ సొల్యూషన్ అంటే సరిగ్గా సరిపోతుంది. చేతిలో ఉన్న కాస్త సరంజామాతో పని గట్టెక్కించే మనిషిని చెప్పాలంటే రిసోర్స్‌ఫుల్. ఉద్యోగ దరఖాస్తుల్లో ఈ మాటకున్న విలువ క్లెవర్‌కి లేదు.

ద్వారకానగర్_అభ్యర్థి

చాలా ఉపయోగం. ఇంక కన్నింగ్, క్రాఫ్టీ, వైలీ, స్లై మిగిలాయి. నాలుగూ నక్క బొమ్మ పక్కనే కనిపిస్తాయి. ఒకటే కదా అనిపిస్తోంది.

మధురవాడ_అనువాదకురాలు

ఒకటి కాదు తమ్ముడూ. తెలుగు మాటలు ఎదురుగా పెట్టుకుంటే విడిపోతాయి.

ముందు స్లై. దీని గుండెకాయ రహస్యం. పైకి ఏమీ ఎరగనట్టు ఉండి లోపల పని నడుపుకోవడం. మన నంగనాచి దీనికి చాలా దగ్గర. స్లై గ్రిన్, స్లై గ్లాన్స్, స్లై డిగ్ అంటే దొంగనవ్వు, ఓరచూపు, చాటుగా వేసిన చురక. ఆన్ ద స్లై అంటే దొంగచాటుగా. ఎవరికీ కనబడకుండా అన్న భావం వాక్యంలో లేకపోతే స్లై పెట్టకండి.

క్రాఫ్టీకి జిత్తులమారి. పథకం చిన్నదైనా సరే, మెలిక ఉంటుంది. పాత ఇంగ్లీషులో దాని మూలపదానికి బలం, నేర్పు అని అర్థం. హ్యాండీక్రాఫ్ట్‌లో ఆ నేర్పు ఇంకా బతికే ఉంది, క్రాఫ్టీలో మాత్రం మసకబారింది.

వైలీకి ఆరితేరిన అన్నది చేర్చాలి. ఎన్నో ఎత్తులు చూసి, వేసి, రాటుదేలినవాడు. వెటరన్, ఒపోనెంట్, పొలిటీషియన్ ముందు వస్తుంది. ఇందులో కొంచెం మెప్పు కూడా ఉంటుంది. క్రికెట్ వ్యాఖ్యానంలో వైలీ స్పిన్నర్ అని వింటాం. బంతిని గాల్లో ఆగినట్టు వేసి బ్యాటర్‌ని ముందుకు లాగడం మోసమే, కానీ ఆట ఒప్పుకున్న మోసం. అక్కడ స్లై అంటే బౌలర్ ఏదో నియమం తప్పాడేమో అన్న అనుమానం వస్తుంది.

కన్నింగ్ వీటన్నిటిలోకీ చల్లనిది. తీరిగ్గా, తడబడకుండా ఎదుటివాణ్ణి ఉచ్చులోకి దించేది. తెలుగులో "కన్నింగ్ ఫెలో" తిట్టు మాత్రమే. ఇంగ్లీషులో ప్లాన్, ట్రాప్, డిస్‌గైజ్ ముందు వస్తే తిట్టు పలచబడి, ఎత్తుగడ బాగుందన్న అర్థమూ కలుస్తుంది. మనిషి ముందు వస్తే తిట్టే. నామవాచకం కూడా కన్నింగ్ అనే ఉంటుంది, కన్నింగ్‌నెస్ రాయకండి.

దీని చరిత్ర తెలుగువాళ్లకి బాగా పట్టుబడుతుంది. మూలార్థం "తెలిసిన" అనే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కన్నింగ్ వర్క్‌మన్ అంటే పనితనం తెలిసిన శిల్పి, అందులో నింద లేదు. మన జాణ కూడా తెలియడం అనే ధాతువు నుంచే వచ్చి, నేర్పరి, రసజ్ఞుడు అనే అర్థంతో కావ్యాల్లో తిరిగి, ఇప్పుడు వాడుకలో మాటలతో బుట్టలో వేసే మనిషి దగ్గరికి జారింది. ష్రూడ్ నడక దీనికి తలకిందులు. మధ్యయుగపు ఇంగ్లీషులో దుర్మార్గమైన అనే అర్థం ఉండేది, తర్వాత మెరుగుపడి మెప్పు మాట అయింది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. షార్ప్ మైండ్ అంటే కుశాగ్రబుద్ధి, మెప్పే. షార్ప్ ప్రాక్టీస్ అంటే చట్టానికి దొరకకుండా చేసే అన్యాయపు వ్యాపారం. రెండో మాటని "చురుకైన సాధన" అని అనువదిస్తే అర్థం తిరగబడిపోతుంది.

సిరిపురం_జీఆర్ఈ

జీఆర్ఈ (విదేశాల్లో పీజీ సీట్ల కోసం రాసే పరీక్ష) రాసేవాళ్ల కోసం కొంచెం. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు ఆప్షన్ల నుంచి రెండు తీయాలి, రెండూ సరైతేనే మార్కు, ఒకటి సరైతే ఏటీ రాదు. ఉచ్చు ఏటంటే, ఆరింట్లో రెండు పర్యాయపదాలు కనిపిస్తాయి గానీ అవి వాక్యానికి పడవు. కన్నింగ్, వైలీ జంటగా కనిపించాయని గుర్తు పెట్టేస్తే పోయినట్టే. ముందు వాక్యం మెచ్చుకుంటోందా, తెగుడుతోందా, ఊరికే చెప్తోందా చూసి, ఖాళీలో మీ సొంత తెలుగు మాట పెట్టుకుని, అప్పుడు ఆప్షన్ల వైపు వెళ్లండి.

తికమక జంటలు: పెర్స్‌పికేషస్ అంటే విషయం లోతు చూడగల మనిషి, పెర్స్‌పిక్యుఅస్ అంటే స్పష్టంగా అర్థమయ్యే రచన. ఇంటెలిజిబుల్ అంటే అర్థమయ్యే, తెలివితో సంబంధం లేదు. జుడీషియస్ అంటే బాగా తూచి చేసిన, జుడీషియల్ అంటే న్యాయస్థానానికి చెందిన. క్యానీ అంటే జాగ్రత్తపరుడు, ముఖ్యంగా డబ్బు దగ్గర. అన్‌క్యానీ దానికి వ్యతిరేకం కాదు, ఒళ్లు జలదరించేంత వింతైన అని. ఆర్ట్‌ఫుల్ అంటే కళాత్మక కాదు, యుక్తిపరుడు.

ప్రికోషస్ అయితే మనకి ఇట్టే గుర్తుంటుంది. లాటిన్‌లో ముందే పండిన అని అర్థం. మన పిందెలోనే పండిపోవడం అదే కదా! కాకపోతే మన మాటలో చెడిపోయాడన్న నింద ఉంది, ఇంగ్లీషు మాట చాలాసార్లు మెప్పు.

పెందుర్తి_పాఠకుడు

ఒక్కో మాటకి ఒక్కో తెలిసిన మనిషిని పెట్టుకుంటే పిల్లలకి సులువేమో?

భీమిలి_మాస్టారు

బాగా పనిచేస్తుంది. ఆశువుగా తిప్పికొట్టే తెనాలి రామకృష్ణుడు క్విక్ విటెడ్. తీర్పు తూచి చెప్పే మర్యాద రామన్న జుడీషియస్, వైజ్. రాజ్యం నాడి పట్టుకున్న తిమ్మరుసు అస్ట్యూట్. సింహాన్ని బావిలో నీడతో దింపిన కుందేలు కూడా క్విక్ విటెడ్ అవుతుంది, కావాలంటే వైలీ అనొచ్చు. ప్రాణరక్షణ కోసం చేసింది కాబట్టి కన్నింగ్ అంటే కథ దాని మీద కోపంగా ఉన్నట్టవుతుంది.

నోట్సు రాసే పద్ధతి కూడా మార్చండి. రోజుకి నాలుగు మాటలు చాలు. ప్రతి మాటకీ దాని పక్కన సహజంగా వచ్చే రెండు నామవాచకాలు, అది మనిషికా పనికా రెండిటికీనా, మెప్పా నిందా, ఆఖర్న దగ్గరి తెలుగు మాట. దగ్గరి తెలుగు మాట ముందే రాస్తే చెయ్యి అక్కడే ఆగిపోతుంది, అందుకే ఆఖర్న పెట్టమంటున్నాను.

ద్వారకానగర్_అభ్యర్థి

అలాగే నాలుగు రాశాను మాస్టారూ, తప్పులుంటే దిద్దండి.
పూర్ణా మార్కెట్లో బేరమాడే గృహిణికి ష్రూడ్.
హాల్‌టికెట్ మర్చిపోయినా ఫోన్లో కాపీ చూపించి గట్టెక్కిన విద్యార్థికి ఇంజీనియస్.
తరగతిలో వెనక బెంచీ నుంచి ఎవరూ చూడకుండా చీటీ అందించినవాడికి స్లై.
సిఫారసు లేఖలో "మా విద్యార్థి వెరీ క్లెవర్ అండ్ కన్నింగ్."

మధురవాడ_అనువాదకురాలు

మాస్టారి కన్నా ముందు నేను దిద్దేస్తున్నాను, ఏమనుకోకండి.

మొదటిది సరే. రెండోదాంట్లో కొత్త కనిపెట్టడం ఏదీ లేదు, ఉన్నదాంతో బయటపడ్డాడు కాబట్టి రిసోర్స్‌ఫుల్. మూడోది సరిగ్గా పడింది. నాలుగోదాంట్లో కన్నింగ్ తీసేయండి, అది ఆ విద్యార్థి అవకాశాన్నే దెబ్బ తీస్తుంది. వెరీ క్లెవర్ కూడా బలహీనం. పర్సెప్టివ్ (సూక్ష్మంగా గ్రహించే) అనో రిసోర్స్‌ఫుల్ అనో ఒక్క మాట రాసి, వెంటనే ఆ గుణం కనిపించిన ప్రాజెక్టుని రెండు వాక్యాల్లో చెప్పించండి.

ద్వారకానగర్_అభ్యర్థి

ధన్యవాదాలు మేడమ్. ఒక్కటే సందేహం మిగిలింది. క్లెవరర్ అనాలా, మోర్ క్లెవర్ అనాలా? స్లైకి ఐ వస్తుందా, వై వస్తుందా?

భీమిలి_మాస్టారు

క్లెవరర్, క్లెవరెస్ట్ రాయండి, పరీక్షకి అదే భద్రం. మోర్ క్లెవర్ కూడా వాడుకలో ఉంది. స్లైకి వై ఉంచినా, వై తీసి ఐ పెట్టినా నిఘంటువులు ఒప్పుకుంటాయి. వై ఉంచడం ఎక్కువ. అయితే ఒకే వ్యాసంలో రెండు రకాలూ కలపకండి.